పాలిమర్ డ్రగ్ డెలివరీ మీద ఎంఫార్మసీ చేయిస్తే ఫాయిద ఉంటదా? దేవరకొండ దిక్కు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు

దేవరకొండ దగ్గర బత్తాయి తోట ఉన్న ఒక అన్న పంపిన ప్రశ్న ఇది. వాళ్ల బిడ్డ బీఫార్మసీ నాలుగో సంవత్సరంలకు వచ్చింది, ఇది అయిపోయినంక ఎంఫార్మసీ ఫార్మాస్యూటిక్స్ (మందును గోలీగ, ఇంజెక్షన్‌గ తయారు చేసే చదువు) చేస్త, పాలిమర్లతోని మందును ఒంట్లకు మెల్లగ పంపే పద్ధతుల మీద ప్రాజెక్ట్ చేస్త అంటున్నదట. అన్నకేమో భయం. పాలిమర్ అంటే ప్లాస్టిక్ గద సార్, ప్లాస్టిక్‌ను మనిషి ఒంట్లకు పంపుడేంది, అది చదువా అని అడిగిండు. ఇంకో రెండేండ్లు చదివిస్తే జాబ్ గ్యారంటీనా అని అడిగిండు. బామ్మర్ది ఏమో చౌటుప్పల్ దిక్కు కంపెనీల క్యూసీల, అంటే మందు నాణ్యత టెస్ట్ చేసే కాడ, ఇప్పుడే పెట్టిస్త, నెలనెల జీతం వస్తది, ఆడపిల్లకు గంత చదువు ఎందుకు అంటున్నడట. తనకు షుగర్ ఉందని, రోజూ గోలీ వేసుకుంటనని కూడా మధ్యల ఒక ముక్క రాసిండు, నేను అక్కడి నుంచే మొదలుపెడ్త.

అన్నా, ముందుగాల మీ షుగర్ గోలీల పట్టీ తీసి పేరు చదవండి. మెట్‌ఫార్మిన్ అని ఉండి దాని పక్కన ఎస్‌ఆర్ అనో ఈఆర్, ఎక్స్‌ఆర్, పీఆర్ అనో రెండక్షరాలు ఉన్నయంటే మీ బిడ్డ చదువుత అంటున్న సబ్జెక్టును మీరు రోజూ మింగుతున్నట్టే. ఆ గోలీల మందుతోపాటు హెచ్‌పీఎంసీ అనే పాలిమరో అసొంటిదే ఇంకోటో కలిపి ఒత్తుతరు. కడుపుల నీళ్లు తగలంగనే గోలీ పైపొర ఉబ్బి చిక్కటి జిగురు అయితది, లోపలి మందు ఆ జిగురును దాటుకుంట గంటలకొద్దీ బయటికొస్తది, పైన జిగురు కరిగిపోతుంటే లోపల ఇంకో పొర ఉబ్బుకుంట వస్తది. గందుకే రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవాల్సిన మందు చానామందికి ఒక్కసారికి వచ్చింది, కడుపుల తిప్పుడు, విరేచనాలు కూడా కొంతమందికి తగ్గినయి. బత్తాయి చెట్టుకు పాదు నిండ ఒక్కపారి నీళ్లు పెట్టుడుకు, డ్రిప్ పెట్టి చుక్క చుక్క ఇచ్చుడుకు తేడా ఏందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, నీళ్లు అవే గని చెట్టుకు అందే తీరు వేరు, ఈ పాలిమర్ చేసే పని కూడా అదే.

ఈ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలె, ఇది చదువుకు సంబంధం లేకున్నా పర్వాలేదు. మన ఊర్లల్ల గోలీ పెద్దగున్నదని రెండు ముక్కలు చేస్తరు, ముసలోళ్లకైతే దంచి నీళ్లల్ల కలిపి తాగిస్తరు. ఎస్‌ఆర్ గోలీని అట్ల నలగ్గొడితే రోజంతా మెల్లగ రావాల్సిన మందు ఒక్కపారి ఒంట్లకు దిగుతది, బీపీ మందులు, నొప్పి మందులు కొన్నిటికైతే అది ప్రమాదం. డాక్టర్నో ఫార్మసిస్టునో అడగకుండ అసొంటి గోలీని విరగ్గొట్టొద్దు. ఇంకోటి, కొందరికి దొడ్డికి పోయినప్పుడు మెత్తటి గోలీ ఆకారం కనపడ్తది, మందు అరగలేదు అని భయపడి ఇంకో గోలీ వేసుకుంటరు. అట్ల చేయొద్దు, మందు ఎప్పుడో ఒంట్లకు పోయింది, మిగిలింది ఆ పాలిమర్ పిప్పి మాత్రమే.

ఇగ ప్లాస్టిక్ భయం సంగతి. పైపులు చేసే పీవీసీ, కవర్లు చేసే పాలిథీన్ పాలిమర్లే, మీరన్నదాంట్ల తప్పు లేదు. కానీ పత్తిల ఉండే సెల్యులోజ్ పాలిమరే, అన్నంల ఉండే పిండి పదార్థం పాలిమరే, క్యాప్సూల్ తొక్క చేసే జిలాటిన్ కూడా పాలిమరే. పైన చెప్పిన హెచ్‌పీఎంసీని చెక్క గుజ్జు నుంచో, పత్తి గింజ మీద మిగిలే సన్న నూగు నుంచో తీసిన సెల్యులోజ్‌తోని చేస్తరు. అది మనకు అరగదు, రక్తంల కలవదు, వచ్చిన తొవ్వనే పోతది. ఇంకో జాతి ఉంది, పీఎల్‌జీఏ అంటరు, ఇది ఒంట్లనే ఉండి మెల్లగ నీళ్లతోని తెగిపోయి లాక్టిక్ యాసిడ్, గ్లైకాలిక్ యాసిడ్ అయితది. లాక్టిక్ యాసిడ్ అంటే మనం గట్టిగ పని చేసినప్పుడు కండల్ల తయారయ్యేదే, ఒళ్లు దాన్ని ఎట్ల వదిలించుకోవాల్నో దానికి తెలుసు. ఆపరేషన్ అయినంక ఈ కుట్లు విప్పుడు అక్కర్లేదు అవే కరిగిపోతయి అని డాక్టర్లు అంటరు గద, ఆ దారంల చానావరకు ఈ జాతిదే.

అట్లని పాలిమర్ ఏదైనా మంచిదే అని నేను చెప్పను. పెగ్ అని ఒక పాలిమర్ ఉంది, మందు రక్తంల ఎక్కువసేపు ఉండనీకి దాన్ని అతికిస్తరు, మొదటి పెగ్ మందుకు అమెరికాల 1990ల అనుమతి వచ్చింది, ఇప్పుడు క్యాన్సర్ పేషెంట్లకు తెల్లకణాలు పెరగనీకి ఇచ్చే ఇంజెక్షన్ల కూడా ఉంది. కానీ కొంతమంది ఒంట్ల ఆ పెగ్‌కే యాంటీబాడీలు తయారైతున్నయి, అరుదుగ అలర్జీలు వస్తున్నయి, దానికి బదులు ఏది వాడాలె అని ఇప్పుడు మస్తు పని జరుగుతున్నది. మీ బిడ్డ పోతా అంటున్న దిక్కు అయిపోయిన ముచ్చట కాదు అని చెప్పనీకే ఇది చెప్తున్న.

ఈ సబ్జెక్ట్ ఎట్ల మొదలైందో కూడా జర వినండి. 1970లల్ల అమెరికా బోస్టన్‌ల జుడా ఫోక్‌మన్ అనే సర్జన్ దగ్గర రాబర్ట్ లాంగర్ అనే కెమికల్ ఇంజినీర్ చేరిండు. ప్రోటీన్ల లెక్క పెద్ద పెద్ద అణువులు పాలిమర్ల నుంచి మెల్లగ బయటికి రానే రావు అని అప్పట్ల చానామంది సైంటిస్టులు గట్టిగ అనుకునేటోళ్లు. వీళ్లిద్దరు వస్తయని చేసి చూపిచ్చి 1976ల నేచర్ పత్రికల అచ్చు వేసిండ్రు. తర్వాత 1989ల ల్యూప్రొలైడ్ అనే ప్రోస్టేట్ క్యాన్సర్ మందు నెలకు ఒక్క ఇంజెక్షన్‌గ అమెరికాల అనుమతి తెచ్చుకున్నది, రోజూ పొడిపిచ్చుకునే మందు నెలకోసారి అయింది, ఎందుకంటే మందును పీఎల్‌జీఏ చిన్న చిన్న ఉండల్ల దాచి సూదితోని లోపలికి పంపుతరు. మానసిక జబ్బులకు రెండు వారాలకోసారి ఇచ్చే రిస్పెరిడోన్ ఇంజెక్షన్ కూడా అదే జాతి. రోజూ గోలీ మింగనని మొండికేసే పేషెంట్ ఇంట్ల ఉన్నోళ్లకు దాని విలువ ఏందో తెలుస్తది. షుగర్‌తోని కంటి వెనక పొర వాచినోళ్లకు కంట్లనే పెట్టే సన్న పీఎల్‌జీఏ పుల్ల ఉంది, దాంట్ల ఉండే డెక్సామెథజోన్ 0.7 మిల్లీగ్రాములే, కానీ నెలల తరబడి మెల్లగ వస్తది. లాంగరే తర్వాత మోడర్నా కంపెనీ పెట్టినోళ్లల్ల ఒకడు, కోవిడ్ టీకా పేరు మీరు వినే ఉంటరు.

ఇప్పుడు జాబ్ ముచ్చట. ఇక్కడ మన దిక్కు తల్లిదండ్రులకు ఒక తేడా తెల్వక పొరపాటు నిర్ణయాలు అయితున్నయి. చౌటుప్పల్ దిక్కు మీరు చూసే కంపెనీలు ఎక్కువ బల్క్ డ్రగ్‌వి, అంటే రియాక్టర్లల్ల మందు పొడి తయారు చేస్తరు, దివీస్ లాంటివి. అక్కడ ఎక్కువ పని కెమిస్ట్రీ చదివినోళ్లది, కెమికల్ ఇంజినీర్లది. ఆ పొడిని గోలీగ, క్యాప్సూల్‌గ, ఇంజెక్షన్‌గ చేసే ఫార్ములేషన్ కంపెనీలు వేరే, ఫార్మాస్యూటిక్స్ చదివినోళ్ల అసలు చోటు అది. మన దిక్కు అయితే జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ల అరబిందో, హెటెరో లాంటియి ఉన్నయి, హైదరాబాద్ చుట్టు బాచుపల్లి, జీడిమెట్ల దిక్కు ఇంకా చాన ఉన్నయి. మీ బామ్మర్ది చెప్పే క్యూసీ జాబ్ చెడ్డది అని నేను అనట్లే, ఇంట్ల అప్పు ఉండి నెలనెల పైసలు పడాల్సిందే అంటే అదే కరెక్టు. కానీ ఆ జాబ్‌ల షిఫ్టులు ఉంటయి, నైట్ డ్యూటీలు ఉంటయి, ఐదేండ్లైనా చేసే పని అదే, శాంపిల్ వస్తది, టెస్ట్ చేస్తరు, రిపోర్ట్ రాస్తరు. ఎంఫార్మసీ చేసి ఫార్ములేషన్ ఆర్ అండ్ డీల చేరితే మొదటి జీతం చూసి మీరు గింతేనా అంటరు, నిజంగనే ఎక్కువ ఉండదు, కానీ చానాచోట్ల జనరల్ షిఫ్ట్ ఉంటది, మూడు నాలుగేండ్లకు చేతిల పని పడ్డదంటే కంపెనీ మారేటప్పుడు జీతం మారుతది, అక్కడి నుంచి టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ (ల్యాబ్‌ల చేసినదాన్ని ఫ్యాక్టరీకి తెచ్చుడు), రెగ్యులేటరీ (మందు అనుమతుల కాగితాల పని), పాలిమర్ అమ్మే కంపెనీల టెక్నికల్ సర్వీస్ ఇట్ల తొవ్వలు ఉన్నయి. గ్యారంటీనా అని అడిగిండ్రు, గ్యారంటీ అని నేను రాసియ్యలేను, ఎవరు రాసిచ్చినా నమ్మొద్దు, ఎంఫార్మసీ సర్టిఫికెట్ ఉండి ఇంటర్వ్యూల నోరు తెరవలేక తిరిగి వచ్చే పిల్లలను నేను చూస్తనే ఉన్న. ఆ తేడా ఎక్కడ వస్తదో కింద మీ బిడ్డకే చెప్త, ఆమెతోని చదివించండి.

బిడ్డా, ఇది నీకు. ఏడో సెమిస్టర్‌ల నావెల్ డ్రగ్ డెలివరీ సిస్టమ్స్ పేపర్ వస్తది, దాంట్ల లైపోజోమ్, నానోపార్టికల్, ఇంప్లాంట్, ప్యాచ్ అన్నీ రెండు రెండు పేజీలు ఉంటయి, అవి చదివినంక అందరు నానో మీదనే ప్రాజెక్ట్ చేస్త అంటరు. నువ్వు తొందరపడకు. ట్యూమర్ దగ్గర రక్తనాళాలు లీకు ఉంటయి కాబట్టి నానో సైజు మందు అక్కడ పోగైతది అని 1986ల జపాన్‌ల మత్సుమురా, మయేదా చెప్పిండ్రు, ఎలుకలల్ల అది మంచిగనే కనపడ్డది, మనుషులకు వచ్చేసరికి ఒక్కో పేషెంట్‌కు ఒక్కో తీరు ఉండి అనుకున్నంత రాలే, అందుకే అన్ని వేల పేపర్లు వచ్చినా పేషెంట్ దాక చేరిన నానో మందులు తక్కువ. పైగ జీటా సైజర్ కూడా లేని కాలేజీల నానోపార్టికల్ చేస్తే సైజు కొలవనీకి శాంపిల్ పట్టుకొని హైదరాబాద్ తిరుగుడే అయితది, ఒక్క రీడింగ్ తెచ్చుకొని దాని మీదనే థీసిస్ రాస్తరు.

దానికన్న ఒక్క పాలిమర్‌ను పట్టుకొని దాని లోపల బయట అంతా తెలుసుకో, నా సలహా అదే. హెచ్‌పీఎంసీనే తీసుకో. డబ్బా మీద కే4ఎం, కే15ఎం, కే100ఎం అని ఉంటది, అవి ఊరికే పెట్టిన నంబర్లు కావు, ఆ పాలిమర్‌ను 2 శాతం నీళ్లల్ల కలిపితే 20 డిగ్రీల దగ్గర సుమారు 4,000, 15,000, 1,00,000 సెంటిపాయిజ్ చిక్కదనం వస్తదని అర్థం. చిక్కదనం పెరిగితే జిగురు పొర గట్టిగ ఉంటది, మందు ఆలస్యంగ వస్తది. ఇప్పుడు మీ నాన్న వేసుకునే మెట్‌ఫార్మిన్‌తోనే మూడు గ్రేడ్లల్ల మూడు బ్యాచుల గోలీలు ఒత్తు. గోలీల నుంచి మందు ఎంతసేపట్ల కరిగి వస్తదో చూసే డిజల్యూషన్ మిషన్‌ల ఆరు గాజు పాత్రలు ఉంటయి, ఒక్కోదాంట్ల 900 మిల్లీలీటర్లు పోసి 37 డిగ్రీలకు తెచ్చి, ప్యాడిల్ నిమిషానికి 50 చుట్లు పెట్టి గోలీ వెయ్. మొదటి రెండు గంటలు కడుపుల యాసిడ్‌కు బదులు 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఆ తర్వాత పేగుకు బదులు 6.8 పీహెచ్ ఫాస్ఫేట్ బఫర్. గంట గంటకు 5 మిల్లీలీటర్లు గుంజి, అప్పుడు పాత్రల ఏది ఉంటే అదే గుంజినంత కొత్తది పోసి, ఫిల్టర్ చేసి, పలచగ కలిపి యూవీల 233 నానోమీటర్ల దగ్గర చదువు. గుంజినంత తిరిగి పోసినవా లేదా అన్నది, ఆ తీసేసిన మందును లెక్కల కలిపినవా లేదా అన్నది, గివే ఇంటర్వ్యూల అడుగుతరు, వీటి దగ్గరనే సగం మంది దొరికిపోతరు. మిషన్ నడుస్తున్నప్పుడు ముంగట కూసొని గోలీని చూడు, ఎప్పుడు ఉబ్బింది, మీదికి తేలిందా, అడుగున అతుక్కున్నదా, అంచులు ఎప్పుడు పలచబడ్డయి రాసుకో. గ్రాఫ్ ఎట్లైనా వస్తది, అది ఎందుకు అట్ల వచ్చిందో చెప్పగలిగినోళ్లకే ఆర్ అండ్ డీల సీటు.

ఒక ప్రశ్న నేనే వేస్త, ఆలోచించు. మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ గోలీ ఎందుకు అంత పెద్దగుంటది? మందు డోసే ఎక్కువ, అది చాలదన్నట్టు అది నీళ్లల్ల మస్తు తొందరగ కరిగే మందు, దాన్ని ఆపాలంటే పాలిమర్ కూడా మస్తు పొయ్యాలె. మరి నీళ్లల్ల కరగనే కరగని మందు అయితే హెచ్‌పీఎంసీ ఎట్ల పని చేస్తది, అక్కడ మందు జిగురును దాటి వస్తదా, జిగురు అరిగితేనే వస్తదా? దీనికి నీ అంతట నువ్వు జవాబు పట్టుకున్నవంటే పుస్తకంల ఆ చాప్టర్ సగం అయిపోయినట్టే.

కొత్తగ ఏదన్న చేయాలని ఉంటే మన దిక్కుదే ఒకటి చెప్త. నల్లమలల, అచ్చంపేట అమ్రాబాద్ దిక్కు చెంచులు అడవిల చెట్ల నుంచి తీసుకొచ్చే తపసి బంక ఉంది, బయట దాన్ని గమ్ కరాయా అంటరు, కట్టుడు పండ్లు అతుక్కోనీకి వాడే పౌడర్లల్ల, మలబద్ధకం మందుల్ల అది ఎప్పటినుంచో ఉంది. నీళ్లు పీల్చుకొని మస్తు ఉబ్బుతది, అంటే మందును ఆపే గుణం దానికి ఉన్నట్టే. దాన్ని శుద్ధి చేసి హెచ్‌పీఎంసీ కే15ఎం పక్కన పెట్టి అదే మందుతోని పోల్చి చూడు, చింతగింజల పిండి నుంచి తీసే జిగురుతోని కూడా చేయొచ్చు. ఇట్లాంటి పని ఇదివరకు చేసినోళ్లు ఉన్నరు, వాళ్ల పేపర్లు ముందు చదువు, చదివి వాళ్లు వదిలేసింది పట్టుకో. ఎక్కువమంది వదిలేసేది ఏందంటే, ఎండాకాలంల తెచ్చిన బంకకు, వానలు పడ్డంక తెచ్చిన బంకకు చిక్కదనం ఒక్క తీరు ఉంటదా, దాంట్ల సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నయి, ఆరు నెలలు పెట్టినంక గోలీ అదే స్పీడ్‌ల మందు ఇస్తదా అన్నది. చెట్టు నుంచి వచ్చే పాలిమర్లు కంపెనీల దాక పోకపోవడానికి పెద్ద కారణం ఇదే, బ్యాచ్ బ్యాచ్‌కు మారిపోతయి. దాని మీద నిజాయితీగ నాలుగు నెలలు పని చేసిన పిల్ల చెప్పుకోనీకి మస్తు ఉంటది. రిజల్ట్ మంచిగ రాకపోయినా పర్వాలేదు, రానిది రాలేదని రాయి, అంకెలు మార్చకు.

పీఎల్‌జీఏ ఉండల మీద మనసు ఉంటే అది ఎంఫార్మసీ రెండో సంవత్సరంల, వీలైతే ఏదన్న కంపెనీలనో నైపర్ (కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ) లాంటి చోటనో చేసుకో. ఆ పాలిమర్ ఖరీదు, పైగ దాన్ని డైక్లోరోమీథేన్‌ల కరిగించి చేస్తరు, ఆ సాల్వెంట్ చివరికి 600 పీపీఎం దాటొద్దని ఐసీహెచ్ (మందులకు అంతర్జాతీయ నియమాలు పెట్టే సంస్థ) రూల్ ఉంది, అది కొలవనీకి గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలె. లాక్టిక్, గ్లైకాలిక్ సగం సగం ఉన్నది తొందరగ కరుగుతది, లాక్టిక్ పెంచితే ఎక్కువ రోజులు ఉంటది, మొదటి రోజే మందు గుప్పున రావొద్దు, ఇవన్నీ అక్కడ చేతితోని చేసి నేర్చుకునేటియి. నెలకోసారి, మూడు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ల జెనరిక్ చేసుడు చాన కష్టం, అందుకే ఆ పని వచ్చినోళ్లకు గిరాకీ.

సీటు సంగతి మీ ఇద్దరికి. ఎంఫార్మసీకి జాతీయ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాయండి, ఫైనల్ ఇయర్‌లనే రాయొచ్చు, 125 ప్రశ్నలు 500 మార్కులు, మూడు గంటలు, 2024 నుంచి ఎన్‌బీఈఎంఎస్ అనే జాతీయ పరీక్షల బోర్డు పెడుతున్నది, స్కోరు మూడేండ్లు చెల్లుతది. అది క్వాలిఫై అయితే ఎంఫార్మసీల నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్‌కు దారి ఉంటది, మీరు చేరే కాలేజీకి అది వర్తిస్తదా అని చేరకముందే అడిగి కాగితం మీద చూసుకోండి. జీప్యాట్ మీద నైపర్ జేఈఈ రాస్తే హైదరాబాద్ బాలానగర్‌ల నైపర్ ఉంది, 2007ల మొదలైంది, ఫార్మాస్యూటిక్స్‌ల ఎంఎస్ ఉంది, అది వస్తే ఇంక ఆలోచించుడు లేదు, పంపించండి. రాకపోతే మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష టీజీ పీజీఈసెట్ తొవ్వ ఉంది. పీహెచ్‌డీ దాక పోత అంటే తార్నాకల ఉన్న కెమిస్ట్రీ పరిశోధన సంస్థ ఐఐసీటీల పాలిమర్ల మీద ప్రత్యేకంగ ఒక డివిజనే ఉంది, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షల జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 ఇస్తున్నరు.

అన్నా, ఇంట్ల గడవని ఇబ్బంది లేకుంటే చదివించండి అనేదే నా మాట. పైసల ఇబ్బంది నిజంగనే ఉంటే బామ్మర్ది చెప్పిన జాబ్‌ల ఒక ఏడాది చెయ్యనీయండి, జీప్యాట్ స్కోరు మూడేండ్లు ఉంటది కాబట్టి ఎంఫార్మసీ ఎక్కడికీ పోదు, ఆ ఏడాది మందును విడదీసి ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద చెయ్యి పడ్తది, అది ఆమెకు అక్కెరకే వస్తది. గవర్నమెంట్ ఫార్మసిస్ట్, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు ఇప్పుడున్న బీఫార్మసీ చాలు, నోటిఫికేషన్ వస్తే రాయమనండి, దాని కోసం ఖాళీగ మాత్రం కూసోబెట్టొద్దు. ఇంక పైసలు పెట్టి ఎంఫార్మసీ సీటు కొనే ముచ్చట వస్తే, ఫీజు మాట్లాడకముందే కాలేజీ ల్యాబ్‌లకు మీరిద్దరు పోయి చూడండి. టాబ్లెట్ పంచింగ్ మిషన్, డిజల్యూషన్ మిషన్ ఉన్నయా, వాటి లాగ్‌బుక్‌ల ఈ నెల తేదీలు ఉన్నయా, హెచ్‌పీఎల్‌సీ నడుస్తున్నదా దుప్పటి కప్పి ఉన్నదా, పోయిన బ్యాచ్ పిల్లలు ప్రాజెక్ట్ కాలేజీల చేసిండ్రా బయట రాయించుకున్నరా అని సీనియర్లను అడగండి. లాగ్‌బుక్ చూపించమంటే సాకులు చెప్పే కాలేజీ అయితే డొనేషన్ ఎంత తగ్గించినా వద్దు. మీరు చూసిన కాలేజీల పేర్లు, ఆమె జీప్యాట్ మార్కులు వచ్చినంక నాకు పంపండి, ఆప్షన్లు ఏ వరుసల పెట్టాల్నో అప్పుడు కూసొని చూద్దాం.